బుగ్గ మీద నల్లటి చుక్క

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను రాయకుండా వదిలేసిన మరక ఒకే ఒక్కటి. కనపడక కాదు. కనపడింది, చూసి నవ్వుకున్నాను కూడా.

నేను సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్ అవతల, ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక గోడౌన్‌లో పనిచేస్తాను. బొమ్మల గోడౌన్. పిల్లలాడుకునే బొమ్మలు కాదు, గోడకి తగిలించే పెయింటింగులు. ఈ మాట మా బంధువులకి ఎన్నిసార్లు చెప్పినా ఫోన్ చేసినప్పుడల్లా "ఉమా, ఇంకా ఆ బొమ్మల కొట్లోనే ఉన్నావా?" అని అడుగుతారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి మానేశాను.

ఏ దేశం నుంచి పెయింటింగ్ వచ్చినా, చెక్కపెట్టె విప్పగానే ముందు నేను చూడాలి. టార్చిలైటు పక్కవాటుగా వేసి, భూతద్దం పట్టుకుని, ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు పెచ్చు లేచింది, ఎక్కడ మరకుంది, అన్నీ రాసి సంతకం పెట్టాలి. దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటారు. రేపు ఏదైనా తగాదా వస్తే ఆ కాగితమే సాక్షి. దెబ్బ కాగితంలో ఉంటే మా దగ్గరికి రాకముందు తగిలినట్టు. లేకపోతే మా చేతుల్లో తగిలినట్టు. అంతే లెక్క.

ఈ పని వల్ల నా కన్నూ పాడైంది, నోరూ పాడైంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు గోడ మీద తేమ మచ్చ కనిపిస్తుంది, తర్వాతే మనుషులు. మా ఆయన జనార్దనరావు, "నువ్వు వడ్డించేటప్పుడు కూడా తప్పులు వెతుకుతున్నట్టే ఉంటావే" అంటాడు. వెతక్కపోతే ఎలా? కంచం ఆయనే కడుగుతాడు మరి.

పోయిన మార్చిలో ఆఫ్రికా నుంచి పన్నెండు పెయింటింగులు వచ్చాయి. ఘనా, నైజీరియా, కెన్యా, సెనెగల్, ఆరుగురు చిత్రకారులు. అందరూ ఇప్పటివాళ్ళు, నలభైకి అటూ ఇటూ. ఆఫ్రికా అనగానే నేనూ అందరిలాగే ముసుగులో, డప్పులో, చెట్టుకింద సింహమో వస్తుందనుకున్నాను. పెట్టెలు విప్పితే ఒకదాంట్లో మంగలి షాపు. అద్దం ముందు కూర్చున్నవాడు తన తలకంటే తన ఫోన్నే ఎక్కువ చూసుకుంటున్నాడు. ఇంకోదాంట్లో కిక్కిరిసిన చిన్న బస్సు, కిటికీ పక్క సీటు దొరికిన గర్వంతో ఓ స్కూలు పిల్ల. మరోదాంట్లో పెళ్ళికి వెళ్ళే ముందు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న నడివయసు మనిషి, పైన బనీను, కింద కొత్త ప్యాంటు. అందరూ నల్లటివాళ్ళే, కానీ ఒకరి నలుపు ఇంకొకరి నలుపు కాదు. ఒకాయన బొగ్గు నలుపు వాడాడు, ఇంకొకామె ఒంటికంతా ముదురు నీలం వేసింది. మేం ఎవరమో మేమే చెప్పుకుంటాం అన్నట్టుంది వాళ్ళ పద్ధతి.

నాతో పెట్టెలు విప్పేది వెంకటసుబ్బయ్యగారు. ప్రొద్దుటూరు దగ్గర పల్లె, యాభై రెండేళ్ళు, ఈ దేశానికొచ్చి పంతొమ్మిదేళ్ళు. మేకు ఊడదీసినా చప్పుడు కానివ్వడు. ప్రతి బొమ్మకీ ఒక మాట అనకుండా మాత్రం ఉండడు.

"ఉమమ్మా, ఈ మంగలి షాపు మా ఊర్లోదే. ఆ కుర్చీ గూడా అదే, ఎడంపక్క సినిగింది సూడు."

"అది చినిగింది కాదు సుబ్బయ్యగారూ, వేసిందే అలా."

"అదే నేనూ చెప్తాండా. మా ఊర్లోది గూడా అట్లనే ఉంటాది."

ఏడో పెట్టెలో వచ్చింది అబెనా వేసిన పెయింటింగ్. ఘనాలో కుమాసి ఆమె ఊరు. పెరట్లో ఒక ముసలమ్మ పొట్టి పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద నెలల పాపని పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. పక్కన నీలం ప్లాస్టిక్ బకెట్, చెయ్యి విరిగిన మగ్గు, బోర్లా పడ్డ హవాయి చెప్పు ఒకటి. పాప ఏడుపు మొదలుపెట్టబోతూ మూతి విరిచింది. ఆ ఒంటి నలుపులో వంకాయ రంగుంది, డికాషన్ రంగుంది, తడి మెరిసిన చోట కాస్త నీలముంది.

"ఓయమ్మ, మా అవ్వ గూడా ఇట్లనే పోస్తాండె!" అన్నాడు సుబ్బయ్యగారు.

మా అమ్మమ్మా అంతే. సింగపూర్ వచ్చి మా అమ్మాయి నిఖిలకి నీళ్ళు పోసిన మా అత్తగారూ అంతే, చోవా చూ కాంగ్ వైపు మా ఫ్లాట్‌లో, రెండడుగుల బాత్రూములో, తలుపు తీసిపెట్టి కాళ్ళు వంటింట్లోకి చాపుకుని.

టార్చి వేసి అంచుల నుంచి చూసుకుంటూ వచ్చాను. రంగు పెచ్చు లేవలేదు. గుడ్డ వదులు కాలేదు. పాప ఎడమ బుగ్గ మీద, కాస్త చెవి వైపుకి, మిరియం గింజంత నల్లటి చుక్క ఉంది. సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడే ఉంది. దిష్టిచుక్క. వీళ్ళూ పెడతారన్నమాట అనుకుని నవ్వుకున్నాను. నీళ్ళు పోశాక కదా చుక్క పెడతారు, నీళ్ళు పోస్తుండగా బుగ్గ మీద ఎలా ఉంది అన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. ఆఫీసు ఫోన్లో బొమ్మ మొత్తానికీ ఒక ఫోటో తీసి, "మరకలు లేవు, శుభ్రంగా ఉంది" అని రాసి, సంతకం పెట్టి ఎనిమిదో పెట్టె దగ్గరికి వెళ్ళాను.

తొమ్మిది రోజుల తర్వాత, ప్రదర్శన ఇంకో నాలుగు రోజులుందనగా, అబెనా వచ్చింది. పొడుగాటి మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాళ్ళకి ఇక్కడి షాపులో అప్పుడే కొన్న చెప్పులు. తమ వైపు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారనీ, అబెనా అంటే మంగళవారం పుట్టినదనీ చెప్పింది. "అయితే మన మంగమ్మే" అని సుబ్బయ్యగారు నా చెవిలో అన్నాడు. ఆమె ముందు అందరి పెయింటింగులూ చూసి, చివర్న తనదాని ముందు నుంచుంది. ఆమె ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను.

"పాప ముఖం మీద ఇదేమిటి?" అంది ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. "ఇది నేను వేసింది కాదు."

మా మేనేజర్ మిస్ ఓంగ్ నా రిపోర్టు తెరిచింది. మరకలు లేవు. కింద నా సంతకం. ఆ రిపోర్టు మీద ఆవిడకి ఎప్పుడూ అనుమానం రాలేదు, అప్పుడూ రాలేదు. అంటే మరక ఈ తొమ్మిది రోజుల్లో పడింది. ఆ తొమ్మిది రోజులూ పెయింటింగుని ఎత్తింది, దించింది, అరలో పెట్టింది సుబ్బయ్యగారొక్కరే. పైగా ఆయన ఆ వారమంతా పెట్టెల మీద నల్లసిరాతో నంబర్లు వేస్తున్నాడు. మిస్ ఓంగ్ ఆయన చేతులు చూపించమంది. చూపించాడు. గోళ్ళ చుట్టూ నల్లగా ఉంది.

"గ్లౌస్ ఏసుకోకుండా ఏ బొమ్మా ముట్టుకోలేదు మేడం," అన్నాడాయన తనకొచ్చిన ఇంగ్లీషులో. మిస్ ఓంగ్ అరవలేదు. ఆవిడ ఎప్పుడూ అరవదు. రేపు మాట్లాడదాం అంది, తర్వాత నాతో విడిగా, వచ్చే నెల ఆయన వర్క్ పాస్ రెన్యువల్‌కి వస్తోంది, ఇక కంపెనీ దరఖాస్తు పెట్టదనుకుంటా అంది, విచారంగానే.

నేను నోరు తెరవలేదు. ఇది ఒప్పుకోవాలి. నా నోరు నాకు తెలిసి ఎప్పుడూ మూతపడింది కాదు, ఆవేళ మాత్రం పడింది. ఆ చుక్క మొదటి రోజు నుంచీ ఉందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే భయం వేసింది. మరక చూసి రాయనిదాన్ని ఇక ఏ కాగితం మీద నమ్ముతారు?

సాయంత్రం సుబ్బయ్యగారు కొళాయి దగ్గర చేతులు రుద్దుకుంటున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"ఉమమ్మా, ఎంత ఆలోచన జేసినా నాకు గుర్తుకు రాదు. నాకు తెలీకుండానే తగిలిందేమో."

"మీరు గ్లౌస్ వేసుకున్నారు కదా."

"ఏసుకున్న్యా. కానీ నువ్వు సూసినప్పుడు లేదు గదా. నువ్వు లేదని రాసినావంటే లేనట్టే. ఇంగ నా చేతుల్లోనే అయ్యుంటాది."

తన చేతులకంటే నా కాగితాన్నే ఎక్కువ నమ్మాడాయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో పొడిగా అని రైలు పట్టుకున్నాను.

ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆఫీసు ఫోన్లో ఆ ఫోటో తెరిచాను. రిపోర్టుకి అతికించింది చిన్న సైజు, అందులో ఏమీ తెలీదు. అసలు ఫోటో నా దగ్గరే ఉంది. వేళ్ళతో పెద్దది చేస్తే చుక్క చక్కగా కనిపించింది, కింద తేదీతో సహా. ఇది చూపిస్తే సుబ్బయ్యగారు బయటపడతాడు, నేను మునుగుతాను. ఇది తీసేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. తీసెయ్యడానికి ఒక్క వేలు చాలు.

మా నిఖిల కాలేజీ నుంచి వచ్చి నా భుజం మీంచి తొంగిచూసింది. పదిహేడేళ్ళు, నా రంగే, నా ముక్కే, నోరు మాత్రం నాకంటే నయం.

"వాట్ ఈజ్ దట్, మా? సో క్యూట్ ద బేబీ."

"బుగ్గ మీద ఆ చుక్క మరక. నేను రిపోర్టులో రాయలేదు."

"సీరియస్‌లీ? నా సాక్ ఒక్కటి సోఫా కింద ఉంటే లిఫ్ట్ దగ్గర్నుంచే యూ కెన్ సీ. ఇంత పెద్ద డాట్ ఎలా మిస్ అయ్యావ్? కాంట్ బీ, లా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

ఫోన్ బోర్లా పెట్టాను. జవాబు తెలీక కాదు. దాని ముఖం చూస్తూ చెప్పడం చేతకాక. అది పెరుగన్నం కలుపుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఫోటో తీసెయ్యలేదు, కానీ మంచిదాన్ని కాబట్టి తీసెయ్యలేదని ఎవరూ అనుకోకండి. సుబ్బయ్యగారు చేతులు రుద్దుకోవడం కళ్ళముందు నుంచి పోలేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే మిస్ ఓంగ్, అబెనా, సుబ్బయ్యగారు, ముగ్గురూ ఆ పెయింటింగ్ దగ్గర ఉండగా ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసి చూపించాను.

"మరక వచ్చేటప్పుడే ఉంది. నేను చూశాను. రాయలేదు. ఆయన తప్పేమీ లేదు."

మిస్ ఓంగ్ ఫోటో చూసింది, తేదీ చూసింది, నన్ను చూసింది. "చూశావా? చూసి ఎందుకు రాయలేదు?"

"మరకనుకోలేదు. బొమ్మలో భాగం అనుకున్నాను." దిష్టిచుక్క గురించి చెప్పాను. ముద్దొచ్చే పిల్లల మీద నలుగురి కళ్ళూ పడతాయి, ఆ కళ్ళు తగలకుండా బుగ్గన కాటుకతో ఒక వంక పెడతామని. ఇంగ్లీషులో చెప్తుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. మిస్ ఓంగ్ ముఖం కూడా అలాగే ఉంది.

"ఉమా, నువ్వు అనుమానం ఉన్న ప్రతిదీ రాస్తావు. నీడని కూడా మరకేమోనని రాసిన రోజులున్నాయి. దీన్నెలా అనుమానించలేదు?"

అదీ అసలు ప్రశ్న. అబెనా కూడా నావైపే చూస్తోంది. చెప్పక తప్పలేదు.

"నేను పుట్టినప్పుడు మా ఇంట్లో ఎవరూ నాకు చుక్క పెట్టలేదు," అన్నాను. "ఈ నల్లపిల్లకి చుక్క పెడితే మాత్రం ఎవరికి కనిపిస్తుంది, దీనికి దిష్టెవరు పెడతారు అని మా నాయనమ్మ అందిట. అందరూ నవ్వారట. నా ఈడుదే మా పెదనాన్న కూతురు, తెల్లగా ఉంటుంది. దాని ఫోటోల్లో బుగ్గన ఇంత చుక్క. పక్కన నేను ఖాళీ బుగ్గలతో. తర్వాత నాకు కూతురు పుట్టింది. అదీ నా రంగే. మా అత్తగారు అదే మాట అంది. ఈసారి అందరితో కలిసి నేనూ నవ్వాను."

ఇది నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా.

"ఈ బొమ్మలో పాప నాకంటే నలుపు. దానికి ఎవరో చుక్క పెట్టారు. ఇంత నల్లపిల్లకి కూడా దిష్టి తగులుతుందని భయపడ్డ మనిషి ఒకరున్నారు అనుకున్నాను. చాలా సంతోషం వేసింది. అప్పుడిక నేను తనిఖీ చెయ్యట్లేదు, ఊరికే చూస్తున్నాను."

సుబ్బయ్యగారికి ఇంగ్లీషు ఎంత అర్థమైందో గానీ తల దించుకున్నాడు.

అబెనా అంది: "మంచి కారణమే. కానీ ఆ చుక్క పోవాలి."

ఆమె ఉంచేస్తుందనే నేను అనుకున్నాను. ఉంచితే బావుండుననీ అనుకున్నాను.

"నువ్వు చుక్క అనుకున్నావు," అంది. "ఇక్కడికి చూడ్డానికొచ్చే మిగతావాళ్ళు ఏమనుకుంటారో తెలుసా? ఈగ అనుకుంటారు. మా పిల్లల్ని ప్రపంచం అలాగే చూసింది. విరాళాల పోస్టర్ల మీద, పత్రికల్లో, ఎప్పుడూ ముఖాన ఒక ఈగతో. నిన్న దూరం నుంచి చూడగానే నాకు ఊపిరాడలేదు. మా చెల్లెలి కూతురు ముఖాన ఎవరో ఈగని పెట్టారు అనుకున్నాను."

ఆ పోస్టర్లు నేనూ చూశాను. చూసి పేజీ తిప్పేశాను.

"దాని మీద నలుగురి కళ్ళూ పడాలనే వేశాను," అంది అబెనా. "ఎవరి కళ్ళూ పడకే పోయారు మావాళ్ళు, కళ్ళు పడి కాదు."

మరక తనే తీస్తానంది. కుమాసిలో పెట్టెకి నంబర్లు వేసేటప్పుడు సిరా చింది ఉంటుందని, పైన వార్నిష్ ఉంది కాబట్టి రంగులోకి దిగి ఉండదని ఆమె నమ్మకం. పుల్లకి దూది చుట్టి, ఏదో స్పిరిట్‌లో తడిపి, రుద్దకుండా దొర్లించడం మొదలుపెట్టింది. నన్ను లైటు పట్టుకోమంది. పట్టుకున్నాను. దూది నల్లబడితే పారేసి ఇంకోటి. పదకొండో పుల్లకి బుగ్గ తేటగా బయటికొచ్చింది, వంకాయ రంగులో, తడితో.

మిస్ ఓంగ్ నా చేత రిపోర్టు దిద్దించింది. ఆరు నెలలు నా సంతకం పక్కన ఇంకొకరి సంతకం కూడా ఉండాలంది. పద్నాలుగేళ్ళ తర్వాత అది చెంపదెబ్బే, కానీ తగినదే. సుబ్బయ్యగారి పాస్ రెన్యువల్ కాగితాలు ఆ వారమే వెళ్ళాయి. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెట్టె విప్పుతూ, "మొదటి దినమే చెప్పింటే ఒక నిద్రన్నా పోతాంటి కదమ్మా" అన్నాడు. తప్పయింది అన్నాను. "సరే, ఆ సుత్తి ఇట్లియ్యి" అన్నాడు.

శనివారం ప్రదర్శనకి నిఖిలని తీసుకెళ్ళాను. రానంటే రానంది, తర్వాత తిండి బావుంటుందంటే వచ్చింది. జనం బానే ఉన్నారు. మంగలి షాపు దగ్గర నవ్వుతున్నారు, బస్సు దగ్గర ఫోటోలు దిగుతున్నారు. పాప దగ్గర మాత్రం వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోతున్నారు. ఓ చైనీస్ ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని ఎంతసేపు చూశాడో. నా చెయ్యి దానంతటదే కంటి కాటుక వైపు వెళ్ళింది, దించుకున్నాను.

నిఖిల నా పక్కన నిలబడి చూస్తోంది. "ఎంత బావుందో కదా, మా," అంది, తెలుగులోనే.

పరాయి ముగ్గురి ముందు చెప్పిన మాట, చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పలేదు. ఆ చుక్క ఎందుకు మరకనుకోలేదో చెప్పాను. మా నాయనమ్మ మాట చెప్పాను. "నువ్వు పుట్టినప్పుడు మీ నానమ్మ కూడా ఆ మాటే అంది. అప్పుడు నేనూ నవ్వాను, నిక్కీ," అన్నాను.

అది బొమ్మ మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఆ జోక్ నాకు తెలుసు, మా. హాలిడేస్‌కి వెళ్ళినప్పుడల్లా నానమ్మ చెప్తుంది, ఎవ్రీ టైమ్. బట్ యూ ఆల్సో లాఫ్డ్... అది తెలీదు."